జీపార్టెడ్: ఒకే డిస్క్ మీద విండోస్, ఉబుంటు రెండూ ఉన్నవాళ్ల కోసం నా రివ్యూ

మా ఇంట్లో లాప్‌టాప్ ఒకటే, వాడేది ఇద్దరం. పగలు నాన్న విండోస్‌లో పేజ్‌మేకర్ తెరిచి అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు తయారుచేసి హైదరాబాద్ ఛత్తా బజార్‌లో ప్రింటింగ్‌కి ఇస్తారు. రాత్రి నేను అదే మెషిన్‌ని ఉబుంటులో (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) ఆన్ చేసి నా పని చేసుకుంటాను. విండోస్ తీసేస్తే నాన్నకి పని ఆగిపోతుంది, ఉబుంటు తీసేస్తే నాకు ఆగిపోతుంది. 512 జీబీ ఎస్‌ఎస్‌డీలో మొదట్లో ఉబుంటుకి 60 జీబీ ఇచ్చాను, డాకర్ ఇమేజ్‌లు (నా పనిలో వాడే పెద్ద సాఫ్ట్‌వేర్ ఫైళ్లు) చేరి చేరి అది నిండిపోయింది, సీ డ్రైవ్‌లో మాత్రం 180 జీబీ ఖాళీగా పడి ఉంది. అందులోంచి ఓ 100 జీబీ తీసి ఇటు కలపాలి. ఆ పనికి వాడిన జీపార్టెడ్ గురించే ఈ రివ్యూ, డిస్క్‌ని విడదీసిన భాగాల (పార్టిషన్ల) సైజు, చోటు మార్చే సాఫ్ట్‌వేర్ ఇది.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి, ఈ టూల్ నాకు ఎందుకింత నచ్చిందో అప్పుడే అర్థమవుతుంది. కొన్నేళ్ల క్రితం నా పాత లాప్‌టాప్‌లో ఇలాగే సీ డ్రైవ్ నిండిపోతే ఒక రిపేర్ షాపులో ఇచ్చాను. అతను విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, పేరూ అక్షరమూ లేని ఒక పార్టిషన్ కనిపిస్తే "ఇది వాడట్లేదు కదా" అనుకుని డిలీట్ కొట్టేశాడు. అది నా ఉబుంటు. విండోస్‌కి ఉబుంటు వాడే ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ని (డిస్క్ మీద ఫైళ్లని అమర్చే పద్ధతి) చదవడం రాదు, ఆ పార్టిషన్‌లో ఏముందో చెప్పదు, చూసేవాళ్లకి అది వాడకంలో లేని డబ్బాలా అనిపిస్తుంది. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద "గ్రబ్ రెస్క్యూ" అని ఒకే ఒక్క లైన్. ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలో అడిగే బూట్ మెనూ (దాని పేరే గ్రబ్) ఫైళ్లు కూడా ఆ పార్టిషన్‌లోనే ఉంటాయి కాబట్టి ఉబుంటుతో పాటు విండోస్‌లోకి వెళ్లే దారి కూడా మూసుకుపోయింది. నా రెండేళ్ల నోట్స్ అందులో పోయాయి, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇక జీపార్టెడ్. 2004 నుంచి ఉన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్, ఓపెన్ సోర్స్. ఉబుంటు లోపలే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు కానీ మనం నడుపుతున్న సిస్టమ్ ఉన్న పార్టిషన్‌ని ఆ సిస్టమ్‌లోంచే కదపలేం, కూర్చున్న కొమ్మని నరుక్కున్నట్టే. అందుకే జీపార్టెడ్ లైవ్ అని వేరే ఐఎస్ఓ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే సిస్టమ్ మొత్తం ఒకే ఫైలుగా) ఉంది, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి రాసి అక్కడి నుంచి బూట్ చేయాలి. సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కొన్న పెన్‌డ్రైవ్ ఖర్చు తప్ప నాకు ఇంకేమీ కాలేదు. విండోస్‌లో నడిచే కొన్ని పార్టిషన్ సాఫ్ట్‌వేర్లు ఫ్రీ అని ఎక్కించుకోమని, అన్నీ సెట్ చేసుకున్నాక చివరి బటన్ దగ్గర డబ్బు కట్టమంటాయి. ఇక్కడ ఆ గొడవ లేదు.

మొదట కీబోర్డు, భాష గురించి రెండు మూడు ప్రశ్నలు అడుగుతుంది, ఎంటర్ కొట్టుకుంటూ పోతే చాలు. తర్వాత మొత్తం డిస్క్ ఒక అడ్డపట్టీలా కనిపిస్తుంది. ఇదే నాకు బాగా నచ్చింది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి ఒక రంగు, ఎక్స్‌టీ4కి ఇంకో రంగు, ఫ్యాట్32కి ఆకుపచ్చ, ఏ ఫైల్ సిస్టమూ లేని ఖాళీ జాగా బూడిద రంగు. ప్రతి పార్టిషన్‌లో ఎంత నిండిందో లేత పసుపుతో చూపిస్తుంది. విండోస్ దాచిపెట్టే చిన్న చిన్న పార్టిషన్లు కూడా ఇక్కడ బయటపడతాయి: ముందు 100 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్ (రెండు సిస్టమ్‌లూ లేవడానికి మొట్టమొదట చదివే ఫైళ్లు ఉండేది ఇందులోనే, దీని జోలికి అస్సలు పోవద్దు), దాని పక్కన మైక్రోసాఫ్ట్ రిజర్వ్ చేసుకునే 16 ఎంబీ, తర్వాత సీ డ్రైవ్, దాన్ని ఆనుకుని విండోస్ పాడైతే బాగుచేసే రికవరీ పార్టిషన్, చివర్లో నా ఉబుంటు. పైన కుడివైపు ఏ డిస్క్ చూస్తున్నామో ఉంటుంది, పెన్‌డ్రైవ్ కూడా అక్కడే ఇంకో డిస్క్‌గా కనిపిస్తుంది కాబట్టి సైజు చూసి సరైనదే ఎంచుకోండి. 512 జీబీ కొంటే ఇక్కడ 476 చూపిస్తుంది, మోసమేమీ లేదు, కంపెనీలు వెయ్యితో లెక్కేస్తాయి, ఇది 1024తో లెక్కేస్తుంది.

మొదటి రోజు నేరుగా ఇక్కడే సీ డ్రైవ్‌ని చిన్నది చేద్దామనుకున్నాను. దాని పక్కన ఒక హెచ్చరిక గుర్తు పెట్టింది, సైజు మార్చనివ్వలేదు. వివరాల్లోకి వెళ్తే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాలేదని రాసి ఉంది. నాన్న షట్‌డౌన్ కొట్టి వెళ్లడం నా కళ్లతో చూశాను! కారణం ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి వచ్చిన ఈ సదుపాయం వల్ల షట్‌డౌన్ కొట్టినా సిస్టమ్‌లో కొంత భాగం హైబర్నేట్ అయ్యి (నిద్రపోయినట్టు సేవ్ అయ్యి) డిస్క్ మీద ఉండిపోతుంది, అంటే విండోస్ లెక్కలో ఆ డ్రైవ్ ఇంకా తెరిచే ఉంది. ఆ స్థితిలో బయటి నుంచి ఎవరైనా దాన్ని కదిపితే ఫైళ్లు పాడవుతాయి. నాకు తెలియని విషయం ఈ టూల్‌కి తెలిసి ఆపింది. ఆ రోజు ఆ షాపులో ఇలా ఆపేది ఒకటి ఉండి ఉంటే నా నోట్స్ నా దగ్గర ఉండేవి.

వెనక్కి విండోస్‌లోకి వెళ్లాను. అసలు సీ డ్రైవ్‌ని తగ్గించే పని విండోస్‌తోనే చేయించడం మేలు, తన ఫైల్ సిస్టమ్ సంగతి దానికే బాగా తెలుసు. కానీ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ష్రింక్ (తగ్గించు) కొడితే 180 జీబీ ఖాళీ ఉన్నా 9 జీబీ మాత్రమే ఇస్తానంది. డ్రైవ్ మధ్యలో ఎక్కడో కదలని ఫైలు ఒకటి కూర్చుంటే అది దాటి రాలేదు, ఎక్కువగా అది పేజ్ ఫైలో (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడేది) హైబర్నేషన్ ఫైలో అయి ఉంటుంది. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి హైబర్నేషన్ ఆఫ్ చేశాను (దాంతో ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది), పేజ్ ఫైల్‌ని, సిస్టమ్ రిస్టోర్‌ని కూడా ఆఫ్ చేసి రీస్టార్ట్ చేస్తే ఈసారి 118 జీబీ ఇస్తానంది. నేను అడిగింది 102400 ఎంబీ, అంటే సరిగ్గా వంద. అయ్యాక పేజ్ ఫైల్‌ని మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకండి.

కొత్త లాప్‌టాప్‌లు వాడేవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మెషిన్లలో డిస్క్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అయిపోయి (తాళం పడి) ఉంటుంది, వాడేవాళ్లకి ఆ సంగతే తెలియదు. ఆ ఎన్‌క్రిప్షన్ పేరు బిట్‌లాకర్, అది ఉన్న డ్రైవ్ సైజుని జీపార్టెడ్ మార్చలేదు. పైగా బూట్ సెట్టింగులు ఏవైనా కదిలితే మర్నాడు 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది ఏ అకౌంట్‌లో సేవ్ అయిందో ముందే వెతికి కాగితం మీద రాసుకోండి. 

రెండో రోజు అసలు పని. వంద జీబీ ఖాళీ అయితే వచ్చింది గానీ దానికీ ఉబుంటుకీ మధ్య రికవరీ పార్టిషన్ అడ్డంగా ఉంది. పక్కపక్కన ఆనుకుని ఉంటే తప్ప ఖాళీ జాగాని కలపలేం. విండోస్‌లోనే రీఏజెంట్‌సీ కమాండ్‌తో రికవరీని ముందే డిసేబుల్ చేసి వచ్చాను, చోటు మారాక అది దారి తప్పకుండా. జీపార్టెడ్‌లో ఆ రికవరీని ఎడమవైపు చివరికి జరిపాను, దాంతో బూడిద రంగు పట్టీ ఉబుంటు పక్కకి వచ్చింది, ఉబుంటు ఎడమ అంచు పట్టుకుని అంతా లాగాను. ఇక్కడిదాకా డిస్క్ మీద ఒక్క బైటు కూడా కదలదు. చేసినవన్నీ కింద వరసగా రాసి పెడుతుంది, తప్పు చేస్తే అన్‌డూ కొట్టొచ్చు. ఆ రెండు లైన్లని నాలుగు సార్లు చదివాను, ఫొటో తీసుకున్నాను, టిక్ గుర్తు ఉన్న అప్లై బటన్ అప్పుడు నొక్కాను. నొక్కాక మాత్రం అన్‌డూ లేదు, మధ్యలో ఆపకూడదు.

పార్టిషన్ మొదలయ్యే చోటు మారుతుంది కాబట్టి డేటా మొత్తాన్ని ముందుకి కాపీ చేసుకుంటూ పోతుంది, టైమ్ పడుతుంది. సరిగ్గా అప్పుడే రాంనగర్‌లో వాన మొదలైంది, కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ బాగుంది, ఇన్వర్టర్ ఉంది, బ్యాకప్ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉంది, అయినా ఆ ఇరవై నిమిషాలు ఆ పట్టీ వైపే చూస్తూ కూర్చున్నాను, టెన్షన్ మామూలుగా లేదు. బ్యాటరీ పాడైన లాప్‌టాప్‌తో, యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌తో ఈ పని వానాకాలంలో పెట్టుకోవద్దు. మధ్యలో మెషిన్ ఆగిపోతే ఆ పార్టిషన్ పోయినట్టే.

లోపాలు కూడా చెప్పాలి. సైజులన్నీ ఎంఐబీల్లోనే (1024 లెక్కన వచ్చే ఎంబీలు) ఇవ్వాలి, కొత్తవాళ్లకి ఆ లెక్క తికమక. ఉబుంటుని ఎల్‌వీఎమ్ (పార్టిషన్ లోపల మళ్లీ వాల్యూమ్‌లుగా విడదీసే పద్ధతి) మీద పెట్టుకున్నవాళ్లకి లోపలి వాల్యూమ్‌ల సైజు ఇది మార్చలేదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ని పెంచగలదు గానీ తగ్గించలేదు. బూట్ మెనూ పాడైతే ఇది బాగుచేయదు, దానికి వేరే దారి వెతుక్కోవాలి. అన్నిటికంటే, దేన్ని ఎటు జరపాలో ఇది చెప్పదు, ఆ ప్లాన్ మనమే వేసుకోవాలి. ముందు కాగితం మీద గీసుకోండి, నేను అలాగే చేశాను. నేనిచ్చేది 5కి 4.5.

పెన్‌డ్రైవ్ తీసి ఆన్ చేస్తే బూట్ మెనూలో రెండూ ఉన్నాయి. ఉబుంటు ఏ మార్పూ అడగకుండా లేచింది, పార్టిషన్ జరిగినా దాని యూయూఐడీ (గుర్తింపు నంబరు) మారదు కాబట్టి. ఉబుంటు పార్టిషన్ 160 జీబీ చూపించింది. విండోస్‌లోకి వెళ్లి రికవరీని మళ్లీ ఎనేబుల్ చేసి, సరిగ్గా ఆన్ అయిందో లేదో చూసుకున్నాను. తెల్లవారి నాన్న లేచి పేజ్‌మేకర్ తెరిచారు, సగంలో ఉన్న పెళ్లి పత్రిక ఫైలు ఎక్కడిదక్కడే ఉంది, పదకొండింటికల్లా అది ఛత్తా బజార్‌కి వెళ్లిపోయింది.