ఏఎమ్4 బోర్డు మీద ఆరేళ్లు: ర్యామ్ రేట్లు మండిపోతున్న వేళ ప్రాసెసర్ ఒక్కటే మార్చాను

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌ని (నా బోర్డులో దాని పేరు ఏఎమ్4) మెచ్చుకుంటూ ఎవరూ సమీక్ష రాయరు. నేను రాస్తున్నాను. ఎందుకంటే ఈసారి నన్ను అప్పు చేయకుండా కాపాడింది అదే. 2019లో కావలిలో స్టూడియో పెట్టుకున్నప్పుడు బీ450 రకం బోర్డు, ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ 5 2600 ప్రాసెసర్ కొన్నాను. 2025 డిసెంబర్‌లో అదే బోర్డులో, అదే ర్యామ్‌తో, రైజెన్ 7 5700ఎక్స్ బిగించాను. కేబినెట్, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా), గ్రాఫిక్స్ కార్డు ఏవీ మార్చలేదు. కోర్లు ఎన్ని, క్యాష్ ఎంత అనేవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను.

నా పని పెళ్లి వీడియోలు, కరిజ్మా ఆల్బమ్‌లు. ఎడిటింగ్ డావిన్సీ రిజాల్వ్‌లో, ఆల్బమ్ షీట్లు ఫొటోషాప్‌లో. ఫుల్ హెచ్‌డీ ఉన్నన్నాళ్లు 2600 నన్ను ఏ రోజూ ఇబ్బంది పెట్టలేదు. అన్ని కెమెరాలూ 4కేకి మారాక కష్టాలు మొదలయ్యాయి. మూడు కెమెరాల ఫుటేజీని పక్కపక్కన పెట్టి ముహూర్తం ఘట్టం కట్ చేస్తుంటే, తలంబ్రాలు గాల్లో ఉండగానే బొమ్మ ఆగిపోయేది, సన్నాయి మాత్రం ముందుకు వెళ్లిపోయేది. ఎక్కడ కట్ చేయాలో చెవితో ఊహించుకోవాల్సి వచ్చేది. పూర్తి పెళ్లి ఎక్స్‌పోర్ట్ రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారాక చూసుకోవడమే.

అందుకే 2025లో మొత్తం సిస్టమ్ మార్చేద్దామనుకున్నాను. ఏఎమ్4 తర్వాతి తరమైన ఏఎమ్5 బోర్డు, కొత్త ప్రాసెసర్, దానికి తగ్గ కొత్త తరం డీడీఆర్5 ర్యామ్. నా దగ్గరున్న పాత తరం డీడీఆర్4 అందులో పట్టదు. కార్తీక మాసం పెళ్లిళ్ల డబ్బులు చేతికి రాగానే కొనాలని లెక్క. సెప్టెంబర్ 22న జీఎస్టీ తగ్గుతోందనగానే మా వాళ్లందరూ కంప్యూటర్లు కూడా చౌక అవుతాయని అన్నారు. ఏసీలు, పెద్ద టీవీలు 28 శాతం నుంచి 18కి దిగాయి, నిజమే. కానీ ప్రాసెసర్, ర్యామ్, మదర్‌బోర్డు మీద పన్ను ముందు నుంచీ 18 శాతమే. వాటికి ఒరిగిందేమీ లేదు. పైగా దీపావళి నాటికి ర్యామ్ ధరలు కదలడం మొదలైంది. దసరాకి ముందు తొమ్మిది వేలకి అటూఇటూగా చూసిన 32 జీబీ డీడీఆర్5 జత, డిసెంబర్ వచ్చేసరికి ముప్పై వేల దగ్గర ఆడింది. అదే నెలలో డాలర్ 90 రూపాయలు దాటింది. ఇవన్నీ బయటి నుంచి వచ్చే సరుకులే కాబట్టి ఆ దెబ్బ కూడా మన మీదే.

నమ్మకం కుదరక పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లాను. నెల్లూరు జిల్లాలో కంప్యూటర్ పనివాళ్లకి ఆ వీధి కొత్త కాదు. ఎప్పుడూ వెళ్లే షాపాయన చిన్న కాగితం మీద బోర్డు రేటు రాశాడు, ప్రాసెసర్ రేటు రాశాడు, ర్యామ్ దగ్గర మాత్రం ఖాళీ వదిలాడు. అడిగితే "బిల్లు వేసే టైముకి ఎంతుంటే అంత సార్, పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి ఉండట్లా" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. పక్క షాపుల్లో అడిగినా ఇదే వరస. ప్రాసెసర్‌కి అయ్యే డబ్బు కంటే ర్యామ్‌కి అయ్యే డబ్బు ఎక్కువగా ఉన్న కొటేషన్ నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఎందుకిలా అని చదివితే విషయం మన చేతుల్లో లేదని అర్థమైంది. ప్రపంచంలో ర్యామ్ చిప్‌ల్లో ఎక్కువ భాగం చేసేవి మూడే మూడు కంపెనీలు: శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకి కావాల్సిన హెచ్‌బీఎం అనే మెమరీలో లాభం ఎక్కువ. అంతే సామర్థ్యానికి మామూలు ర్యామ్ కంటే అది సిలికాన్ చాలా ఎక్కువ మింగుతుంది. ఫ్యాక్టరీలు అటు మళ్లేసరికి మన సిస్టమ్‌లకి వచ్చే ర్యామ్ తగ్గింది. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్‌ని మామూలు కొనుగోలుదారులకి అమ్మడం మానేస్తున్నట్టు ప్రకటించింది. 29 ఏళ్లుగా ఉన్న బ్రాండ్. నా సిస్టమ్‌లో ఉన్నవి ఆ క్రూషియల్ స్టిక్‌లే. 2023లో ర్యామ్ ధరలు బాగా పడిపోయినప్పుడు 32 జీబీకి పెంచుకున్నాను. డిసెంబర్‌లో ఒంగోలు నుంచి స్టూడియో మిత్రుడొకరు ఫోన్ చేసి, "బావా, ఆ డీడీఆర్4 అమ్మే ఉద్దేశం ఉంటే నువ్వు కొన్న రేటుకి పైనేసి ఇస్తా" అన్నాడు. డీడీఆర్4 తయారీని కూడా కంపెనీలు తగ్గించుకుంటూ వచ్చాయి కాబట్టి పాత ర్యామ్ కూడా బంగారం అయిపోయింది.

ఆ ఫోన్‌తోనే నా ఆలోచన మారింది. నా దగ్గరున్న ర్యామ్‌ని కదపకుండా ఎంత దూరం పోగలనో చూద్దామనుకున్నాను. జవాబు బోర్డులోనే ఉంది. ఏఎమ్4 సాకెట్‌లో 2017లో వచ్చిన మొదటి తరం రైజెన్ నుంచి 5000 సిరీస్ దాకా అన్నీ కూర్చుంటాయి. ఇది మనకి ఊరికే దొరకలేదు. 2020 మేలో ఏఎమ్‌డీ ఈ 5000 తరం బీ450 బోర్డుల్లో పనిచేయదని చెప్పింది. వాడేవాళ్లు గట్టిగా గొడవ చేస్తే అదే నెలలో మాట మార్చుకుని సపోర్ట్ ఇస్తామంది. ఆనాడు గొంతెత్తిన వాళ్లందరికీ నేను రుణపడి ఉన్నాను. ఇంటెల్‌లో అయితే ఏడో తరం నుంచి ఎనిమిదో తరానికి పోవాలన్నా బోర్డు మార్చాల్సి వచ్చింది, సాకెట్ పేరు అదే ఎల్‌జీఏ1151 అయినా సరే. ఒంగోలు మిత్రుడి ఇబ్బంది అదే. అతనిది ఏడో తరం ఐ7. ఇంకా గట్టిగానే పనిచేస్తోంది, కానీ విండోస్ 11 జాబితాలో లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. పాపం సరిగ్గా ర్యామ్ రేట్లు చుక్కలంటిన టైములో మొత్తం మార్చాల్సి వచ్చింది.

5700ఎక్స్ నాకు పదమూడు వేల లోపే పడింది. నవంబర్ ఆఖర్లో మూఢం వచ్చింది, ఫిబ్రవరి మధ్య దాకా ముహూర్తాల్లేవు. కెమెరాలు బ్యాగుల్లో ఉన్నాయి, సిస్టమ్ విప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. కార్తీకంలో తీసిన పెళ్లిళ్ల ఎడిటింగ్ మాత్రం సగంలో ఉంది.

బిగించడంలో ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఈ సాకెట్‌లో పిన్నులు బోర్డుకి కాదు, ప్రాసెసర్‌కి ఉంటాయి. మొత్తం 1331. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్ట్ ఆరేళ్లలో గట్టిపడిపోతుంది. కూలర్‌ని నిలువుగా లాగితే, లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ దానికి అతుక్కుని ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకని ముందు ఒక రెండర్ నడిపి, వేడెక్కాక పవర్ తీసేసి, కూలర్‌ని కాస్త అటూ ఇటూ తిప్పుతూ తీశాను. చక్కగా వచ్చింది. కొత్తది పెట్టాను, స్విచ్ వేశాను.

నల్లటి స్క్రీన్ మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. కొత్త సీపీయూ పెట్టారు, ఎఫ్‌టీపీఎం (తాళాల సమాచారం దాచే భాగం) సమాచారం మారింది, రీసెట్ చేయాలంటే వై నొక్కండి, పాతదే ఉంచాలంటే ఎన్ నొక్కండి. కింద ఇంకో వాక్యం: బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ లేకుండా సిస్టమ్ బూట్ కాదు. బిట్‌లాకర్ అంటే డిస్క్‌లో ఉన్నదానికి విండోస్ వేసే తాళం. నేను ఏ రోజూ అది పెట్టుకోలేదు. అయినా వై నొక్కడానికి చెయ్యి రాలేదు. ఎన్ నొక్కాను. నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల కీ అడిగింది.

గుండె జారిపోయింది. తీసిన ఫుటేజీకి బయటి హార్డ్ డిస్క్‌లో కాపీ ఉంది. కానీ చేసిన ఎడిట్లు, కలర్, ఆల్బమ్ షీట్లు అన్నీ లోపలే ఉన్నాయి. ఫోన్‌లో నా మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి చూస్తే అందులో కీలే లేవు. అప్పుడు గుర్తొచ్చింది, అక్టోబర్‌లో బయాస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి విండోస్ 11 వేసింది ఊళ్లో ఒక సర్వీస్ షాపువాళ్లు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మెయిల్ అడిగితే వాళ్ల మెయిలే ఏదో కొట్టేశారు. విండోస్ 11 కొత్త వెర్షన్లలో అలా లాగిన్ అవగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ (అదీ బిట్‌లాకర్ తాళమే) దానంతటదే ఆన్ అయి, కీ ఆ అకౌంట్‌లోకి వెళ్లిపోతుంది. మన ఇంటికి తాళం వేసి, తాళంచెవి వాళ్ల జేబులో వేసుకుపోయినట్టు. షాపుకి ఫోన్ చేశాను. "అది చేసిన అబ్బాయి బెంగళూరు వెళ్లిపోయాడన్నా, ఏ మెయిల్ వాడాడో మాకు తెలీదు" అన్నారు. తెలీదన్న మాట ఎంత తేలిగ్గా అన్నారో నాకు ఇప్పటికీ మంటగానే ఉంది. వేరేవాళ్ల బతుకుతెరువు ఆ డబ్బాలో ఉంటుందని ఆ షాపుకి పట్టకపోవడం చిన్న విషయం కాదు.

వై నొక్కకపోవడమే నన్ను కాపాడింది. ఎన్ నొక్కితే పాత సమాచారం చెరగదు. కాబట్టి సిస్టమ్ ఆపేసి, 5700ఎక్స్ తీసి, పాత 2600నే మళ్లీ కూర్చోబెట్టాను. పేస్ట్ తుడవడం, మళ్లీ రాయడం, నాలుగు స్క్రూలు మళ్లీ బిగించడం. విండోస్ ఏమీ జరగనట్టు తెరుచుకుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేశాను. డిస్కులన్నిటికీ ఆ తాళం విడిపోవడానికి రాత్రంతా పట్టింది. కరెంటు పోతే ఏమవుతుందోనని యూపీఎస్ పక్కనే కుర్చీ వేసుకున్నాను. పొద్దున లోపలి పనంతా బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, కొత్త ప్రాసెసర్ పెట్టి, ఈసారి వై నొక్కాను. నేరుగా డెస్క్‌టాప్ వచ్చింది. ప్రాసెసర్ మార్చాలనుకునే ఎవరైనా బాక్స్ తెరవకముందే ఈ సెట్టింగ్ చూసుకోండి.

పనితనం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తలంబ్రాలు ఆగడం లేదు. రాత్రంతా నడిచిన ఎక్స్‌పోర్ట్ ఇప్పుడు భోజనం చేసి కాసేపు కబుర్లాడే లోపు అయిపోతోంది. ఫిబ్రవరిలో ముహూర్తాలు మొదలయ్యాక వరుసగా పెళ్లిళ్లు పడ్డా పని వెనకబడలేదు.

కాకపోతే ప్రాసెసర్ ఒక్కటే మార్చానని మొదట్లో అన్నది పూర్తిగా నిజం కాదు. 5700ఎక్స్ బాక్స్‌లో కూలర్ రాదు. 2600తో వచ్చిన చిన్న కూలర్‌నే వాడదామని చూశాను. డిసెంబర్ చలిలో కూడా రెండర్ పెడితే దీని గరిష్ఠ పరిమితి అయిన 90 డిగ్రీల దగ్గరికి పోతోంది. నెల్లూరు జిల్లాలో రోహిణి కార్తె ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి వేరే చెప్పాలా? రెండు వేలు పెట్టి టవర్ కూలర్ కొన్నాక డెబ్బైల్లో ఉంటోంది. ఇంకోటి, బీ450లో పీసీఐఈ (బోర్డు మీద కార్డులకి, ఎస్ఎస్‌డీలకి డేటా నడిచే దారి) 3.0 వరకే ఉంది. కొత్త ఎస్ఎస్‌డీలు వేసినా వాటి పూర్తి వేగం రాదు. నా పనికి అది తెలియడం లేదు గానీ, లోపం లోపమే.

పెద్ద లోటు మాత్రం 4:2:2 ఫుటేజీ దగ్గర, అంటే మామూలు 4:2:0 కంటే రంగుల సమాచారం ఎక్కువ ఉండే రకం. కొత్త సోనీ కెమెరాల్లో హెచ్.265 ఫార్మాట్‌తో 10 బిట్ 4:2:2లో తీస్తే దాన్ని కొత్త ఇంటెల్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ తేలిగ్గా నడిపిస్తుంది. 5700ఎక్స్‌లో అసలు లోపలి గ్రాఫిక్సే లేవు. నా పాత గ్రాఫిక్స్ కార్డుకి కూడా అది చేతకాదు. నేను 4:2:0లోనే తీస్తాను కాబట్టి సరిపోయింది. బయటి ఫొటోగ్రాఫర్లు 4:2:2 తెచ్చి ఇస్తే ముందు ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి తేలికైన కాపీలు) చేసుకోవాల్సి వస్తోంది. అందరి దగ్గరి నుంచి ఫుటేజీ తీసుకుని ఎడిట్ మాత్రమే చేసేవాళ్లయితే నా సలహా తీసుకోకండి, ఇంటెల్ వైపే చూడండి.

పాత 2600 ఊరికే పోలేదు. సింగరాయకొండలో మా బావమరిది జిరాక్స్ షాపులో బీ350 బోర్డు మీద మొదటి తరం రైజెన్ ఉంది. దాన్ని విండోస్ 11 ఒప్పుకోదు, 2600ని ఒప్పుకుంటుంది. "బావా, ఏం కొనక్కర్లేదా?" అని రెండుసార్లు అడిగాడు. ఏమీ కొనక్కర్లేదు. ఈసారి ముందు ఎన్‌క్రిప్షన్ చూసుకున్నాం. ఆ షాపులో ఇప్పుడు దరఖాస్తులు, ఆధార్ ప్రింట్లు దాని మీదే నడుస్తున్నాయి.

ఇప్పుడు ప్రాసెసర్ మార్చాలా ఆగాలా అని అడిగేవాళ్లకి నేను చెప్పగలిగింది నా పరిస్థితిని బట్టే. ఏఎమ్4 బోర్డు, దాని మీద 1000, 2000 లేదా 3000 సిరీస్ ప్రాసెసర్, డీడీఆర్4 ర్యామ్ 32 జీబీ దాకా ఉంటే ఆలోచించకుండా 5000 సిరీస్‌కి మారండి, బయాస్ మాత్రం ముందే అప్‌డేట్ చేసుకోండి. 16 జీబీ ఉండి ఆల్బమ్‌లు మాత్రమే చేస్తుంటే అప్పుడూ పర్వాలేదు. 8 జీబీతో ఉంటే లెక్క మారిపోతుంది, డీడీఆర్4 కూడా కొనాలి కాబట్టి ప్రాసెసర్‌లో మిగిలింది ర్యామ్‌కి పోతుంది. గేమ్‌ల కోసం ఎక్స్3డీ రకాలు (క్యాష్ ఎక్కువున్న రైజెన్‌లు) అడిగేవాళ్లున్నారు. కొత్తవి దొరికినా రేటు గిట్టదు. ఈ బోర్డు మీద నాకు ఇంకో పై మెట్టు పెద్దగా లేదని తెలుసు. వచ్చే రెండు మూడు సీజన్లు దీంతో గడిస్తే చాలు, అప్పటికి డీడీఆర్5 దిగొస్తే ఏఎమ్5కి వెళ్తాను, దిగకపోతే దీన్నే వాడతాను.