సడ్‌బరీ నుంచి బ్రాంప్టన్ దారిలో 511: మూడు చలికాలాలు వాడాక

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో మా అమ్మ, మా అన్నయ్య ట్యాబ్ ముందేసుకుని కూర్చుంటుంది. సీరియల్ కోసమైతే కాదు. సడ్‌బరీ నుంచి నేను వచ్చే దారిలో ఉన్న రోడ్డు కెమెరాలు ఒక్కొక్కటే నొక్కి చూస్తుంది. చూశాక నాకు ఫోను. "పారీ సౌండ్ దగ్గర రోడ్డు నల్లగానే ఉందే, బయల్దేరు." లేదంటే, "అంతా తెల్లగా ఉంది. రేపొద్దున వద్దువుగానిలే." గుడివాడ నుంచి బెజవాడ వెళ్లాలన్నా తోడు వెతుక్కునే మనిషి, ఇప్పుడు కెనడా హైవేకి పచ్చజెండా ఊపుతోంది.

అమ్మ చూసేది ఆంటారియో రాష్ట్ర రవాణా శాఖ నడిపే 511, రోడ్ల పరిస్థితి చెప్పే సేవ. ఫోన్‌లో యాప్ ఉంది, కంప్యూటర్‌లో మ్యాప్ ఉంది, ఏదీ కుదరకపోతే 511 నొక్కితే ఫోన్లోనే చెబుతుంది. డబ్బులేం అక్కర్లేదు. చిన్న ఊళ్లలో, ఉత్తరాది ఊళ్లలో ఉద్యోగాలకి వచ్చేవాళ్ల కోసం 2019లో పెట్టిన పైలట్ పథకంలో నాకు పీఆర్, అంటే శాశ్వత నివాసం, వచ్చింది, అలా సడ్‌బరీలో పడ్డాను. నెలకి రెండు వారాంతాలు అమ్మ దగ్గరికి వెళ్తాను, ఒక వైపు దగ్గర దగ్గర 400 కిలోమీటర్లు. కాబట్టి ఇది ఒకసారి తెరిచి చూసి రాస్తున్న రివ్యూ కాదు.

దారి సంగతి ముందు చెప్పాలి. సడ్‌బరీ నుంచి దక్షిణంగా 69వ నంబరు హైవే ఫ్రెంచ్ రివర్ దగ్గరి వరకూ నాలుగు లేన్లు, హాయిగా ఉంటుంది. అక్కణ్ణుంచి పారీ సౌండ్ పైదాకా, 70 కిలోమీటర్లకి కాస్త తక్కువ, ఇంకా రెండు లేన్ల రోడ్డే. ఆ తర్వాత 400వ నంబరు హైవే మొదలై టొరంటో దాకా పెద్ద రోడ్డు. ఆ మధ్య ముక్కే అసలు పరీక్ష. రెండు పక్కలా గులాబీ రంగు గ్రానైట్ బండల్ని పేల్చి కోసిన గోడలు, వాటి మీద ఎవరెవరో పేర్చిన రాతి బొమ్మలు. ఫోన్‌లో గీతలు వస్తూ పోతూ ఉంటాయి, కొన్నిచోట్ల అసలుండవు. పడమటి వైపు జార్జియన్ బే, సముద్రమంత సరస్సులో ఒక భాగం. చలికాలం మొదట్లో నీళ్లింకా గడ్డకట్టవు, వాటి మీదుగా చల్లగాలి వీస్తే ఆవిరి పట్టుకొచ్చి ఒడ్డు దాటగానే మంచుగా దిమ్మరిస్తుంది. స్నో స్క్వాల్ అంటారు. సన్నటి పట్టీలా పడుతుంది. ఇక్కడ ఎండ ఉంటే పది కిలోమీటర్ల అవతల చెయ్యి చాపితే కనపడదు.

511లో రోడ్డు పరిస్థితి మాటల్లో ఉంటుంది: పొడిగా ఉందా, తడిగా ఉందా, మంచు కొంత కప్పిందా, పూర్తిగా కప్పిందా, ముందు ఎంత దూరం కనపడుతోంది. పక్కన కెమెరా ఫొటోలు. వీడియో కాదు, ఉండుండి మారే ఫొటో. మంచు తోసే ప్లౌ ట్రక్కులు ఎక్కడ తిరుగుతున్నాయో మ్యాప్ మీద కనిపిస్తుంది. ఇన్ని ఉన్నా నేను రెండో చలికాలంలో బోర్లా పడ్డాను. తప్పు దానిది కాదు, నాది.

డిసెంబరు శుక్రవారం. మధ్యాహ్నం పన్నెండింటికి క్యాంటీన్‌లో పులిహోర తింటూ చూశాను. రోడ్డు తేటగా, తడిగా ఉందని రాసుంది. కెమెరాలో తారు నల్లగా మెరుస్తోంది. అమ్మ కూడా అదే చెప్పింది. ఆఫీసు నుంచి బయటపడేసరికి నాలుగున్నర, చీకటి పడుతోంది. మళ్లీ చూడలేదు. ఆ పరిస్థితి ఎన్నింటికి నమోదైందో పక్కనే టైము ఉంటుంది, అది పొద్దుటిది. వాతావరణం చెప్పే ఎన్విరాన్‌మెంట్ కెనడా వాళ్ల స్క్వాల్ హెచ్చరికా చూడలేదు. గాలి వాయవ్యం నుంచి వీస్తోంది, దాని అర్థం అప్పటికి నాకు తెలీదు.

ఫ్రెంచ్ రివర్ దాటాక పావుగంట కూడా కాలేదు. ముందు వెళ్తున్న కారు వెనక దీపాలు ఉన్నట్టుండి మాయమైపోయాయి. హైబీమ్ వేస్తే తెల్లటి గోడ, తీస్తే బూడిదరంగు గోడ. పక్క గీత ఎక్కడో, గుంట ఎక్కడో తెలియదు. ఆగుదామంటే వెనక ట్రక్కు వస్తుందేమోనని భయం. ముప్ఫైలో పాకుతూ వెళ్తుంటే ముందు నీలం దీపాలు గిర్రున తిరుగుతూ కనిపించాయి. ప్లౌ! ఇంట్లో దీపం చూసినట్టనిపించింది. దాని రెక్కల కింద నుంచి లేచే మంచు పొడి కళ్లకి అడ్డం పడకుండా ఎడంగా ఉండి, నలభైలో వెనకే వెళ్లాను. ఎడమ వైపర్ మీద గోళీ అంత ఐసు గడ్డ కట్టింది. అది సరిగ్గా నా కళ్లెదుట ఒక పట్టీ మేర తుడవకుండా వదిలేస్తోంది. ఉప్పు, మంచు కలిసిన బురద అద్దం మీద పాలమీగడలా అంటుకుపోయింది. వాషర్ నొక్కితే మోటారు చప్పుడే తప్ప నీళ్లు లేవు. మైనస్ 40 వరకూ పనికొచ్చే వాషర్ డబ్బా డిక్కీలోనే ఉంది, ఆ గాలిలో దిగి బానెట్ ఎత్తాలి కదా!

పాయింట్ ఓ బారిల్ దగ్గర పక్కకి తీసి చేత్తో మంచు తీసి అద్దం రుద్దుతుంటే ఫోన్ మోగింది. అన్నయ్య.

"నీ ముందు ప్లౌ ఉందా? ఇక్కడ మ్యాప్‌లో ఒకటి కనిపిస్తోంది. దాన్ని దాటకు."

"దాటడానికి రోడ్డు కనపడితే కదా అన్నయ్యా!"

వెనక నుంచి అమ్మ, "ఫొటోలో నల్లగానే ఉందే మరి!"

నల్లగానే ఉంటుంది. అమ్మ చూసిన కెమెరా నాకు చాలా దక్షిణంగా ఉంది, అక్కడ చుక్క మంచు పడలేదు. ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. మొదట టైము చూస్తాను, తర్వాతే మాటలు. రెండు కెమెరాల మధ్య దూరం చూస్తాను. గాలి పడమర, వాయవ్యం నుంచైతే 511 ఎంత బాగుందన్నా మధ్య ముక్క మీద నమ్మకం పెట్టుకోను. నల్లగా ఉన్నదల్లా పొడి కాదు. తడి తారు మీద అద్దంలా పేరుకునే ఐసు కెమెరాకీ నల్లగానే కనిపిస్తుంది. చలి మైనస్ 12 దాటితే ఉప్పు పెద్దగా పనిచెయ్యదు, ఇసకే చల్లుతారు. అప్పుడు ప్లౌ తిరిగిన రోడ్డు కూడా తెల్లగానే ఉంటుంది. వింటర్ టైర్లు ఆంటారియోలో తప్పనిసరి కాదు, అయినా ఈ దారికి అవి లేకుండా యాప్ చూడటం దండగ. ఇన్సూరెన్సులో తగ్గింపు కూడా ఇస్తారు, అడగండి.

మా పిన్ని కొడుకు థండర్ బేలో లేక్‌హెడ్ యూనివర్సిటీలో చదువుతున్నాడు. వాడికి 511 నాకంటే ఎక్కువ అవసరం. సూ సెయింట్ మేరీ నుంచి థండర్ బే 700 కిలోమీటర్లు, లేక్ సుపీరియర్ పక్కనుంచి, 17వ నంబరు హైవే ఒక్కటే. మూస్తే చుట్టుదారి అంటూ దగ్గర్లో ఉండదు, దారిలో వావా అనే ఊళ్లో గది తీసుకుని పడుకోవడమే. 2016 జనవరిలో అదే దారిలో నిపిగాన్‌లో కొత్తగా తెరిచిన తీగల వంతెన పైకి లేచి రోడ్డు మూసినప్పుడు దేశం రెండు ముక్కలైపోయిందన్నారు. 11, 17 హైవేల మీద తుఫాను ఆగాక 12 గంటల్లో తారు కనపడాలని 2022లో కొత్త ప్రమాణం పెట్టారు. మనవాళ్లు చాలామంది దాన్ని మంచు మొదలయ్యాక 12 గంటలనుకుంటారు. ఆగాక, బాబూ, ఆగాక!

నాకైతే అదృష్టం, రెండో దారి ఉంది. ఒకసారి 69 మూసేశారని బయల్దేరక ముందే యాప్‌లో చూసి, నార్త్ బే వెళ్లి 11 పట్టుకుని దిగాను. గంట పైన ఎక్కువ పట్టింది, మంచులో కూర్చోవడం కన్నా నయమే కదా.

వేసవిలో వేరే కథ. రోడ్డు పనుల జాబితాలో 511ని కొట్టేది లేదు. ఎక్కడ ఒక లేనే నడుస్తోందో, ఎక్కడ చక్రాల మీద తెచ్చిన తాత్కాలిక సిగ్నల్ పెట్టారో, ఏ రోజు బండలు పేల్చడానికి కాసేపు ఆపుతారో, అన్నీ ఉంటాయి. పేల్చడానికి ఆపినప్పుడు ఇంజిన్లు ఆపి అందరూ దిగుతారు, కుక్కల్ని నడిపిస్తారు. నేనయితే డబ్బాలోంచి పెరుగన్నం తీస్తాను. పనివాళ్లు ఉన్నచోట వేగం జరిమానా రెట్టింపు, అది గుర్తుంచుకోండి. ఆదివారం సాయంత్రం కాటేజీల (సెలవులకి వెళ్లే ఇళ్ల) నుంచి తిరిగొచ్చే జనంతో బారీ ఊరికి ఉత్తరాన 400వ హైవే నత్తనడక నడుస్తుంది. 511 దాన్ని చూపిస్తుంది, తగ్గించదు. మధ్యాహ్నం లోపు గానీ, రాత్రి తొమ్మిది దాటాక గానీ వెళ్లడమే మందు. రాత్రయితే మూస్‌లతో (గుర్రమంత పెద్ద దుప్పులతో) జాగ్రత్త, వాటి కళ్లు మన హెడ్‌లైట్ల పైనుంటాయి, మెరవవు.

ఇంకో మ్యాప్ యాప్ ఉండేది నా ఫోన్లో, పేరెందుకులే. ఏప్రిల్లో ట్రాఫిక్ ఉందని అడ్డదారి చూపిస్తే నమ్మి మంచు కరిగిన మట్టిరోడ్డులో దిగబడ్డాను. అప్పట్నుంచి దారి అది చెప్పినా, అనుమతి 511దే.

నడుపుతూ మాత్రం తాకొద్దు. ఫోన్ చేత్తో పట్టుకుంటే తక్కువలో తక్కువ 615 డాలర్లు, మూడు రోజులు లైసెన్స్ సస్పెన్షన్. మన పిల్లల్లో చాలామందికి ఉండే జీ2 లైసెన్స్ (పూర్తి లైసెన్స్‌కి ముందుది) అయితే 30 రోజులు. నేను బయల్దేరే ముందే మధ్య ముక్క స్క్రీన్‌షాట్ తీసుకుంటాను, సిగ్నల్ పోయినా అది పోదు.

ఐదుకి నాలుగు చుక్కలు. తగ్గించిన ఒక్కటీ ఆ సిగ్నల్ లేని ముక్కకి. దానికి 511 ఏం చేస్తుందని మీరడగొచ్చు. ఏం చెయ్యదు, అయినా ఇవ్వను.

మొన్న శుక్రవారం అమ్మ ఫోన్. "రోడ్డు నల్లగా ఉందే..." అని ఆగింది. బయల్దేరదామని బండి తాళం అప్పటికే చేతిలో ఉంది నాకు. "కానీ ఫొటో పన్నెండింటిది. ఇప్పుడు రెండున్నర. గాలి కూడా పడమర నుంచేనట, మీ అన్నయ్య చెప్పాడు. రేపొద్దున వద్దువుగానిలే."

తాళం మళ్లీ కొక్కేనికి తగిలించాను.