హోరు కాస్త మిగిలినా సరే, గొంతు మారకూడదు: ఇంటి వీడియోల కోసం ఆడాసిటీ

ఇంట్లో వాళ్లం ఏళ్ల తరబడి తీసిపెట్టుకున్న వీడియోల్లో మాటలు సరిగ్గా వినపడాలనే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. తాతయ్య తన చిన్నప్పటి సంగతులు చెప్పిన వీడియోలున్నాయి. పిల్లలకు అప్పుడప్పుడే మాటలు వస్తున్నప్పటివి ఉన్నాయి. టేపు కెమెరాలో తీసి తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించిన పాతవీ ఉన్నాయి. ఒకదాంట్లో ఫ్యాన్ హోరు, ఇంకోదాంట్లో కరెంటు జుంకారం, మరోదాంట్లో కెమెరా పట్టుకున్నవాళ్ల గొంతు మాత్రమే గట్టిగా, మాట్లాడే మనిషి గొంతు ఎక్కడో దూరంగా. ఈ పనికి ఆడాసిటీ ఎంతవరకు అక్కరకొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చెబుతాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఈ సాఫ్ట్‌వేర్ గొప్పతనం శబ్దం తీసేయడంలో కంటే, ఎంత తీయాలో మన చేతికి వదిలేయడంలో ఉంది. ఒక్క బటన్ నొక్కితే అంతా శుభ్రమైపోయే పద్ధతులు ఇప్పుడు చాలా వచ్చాయి. వాటిలో హోరు పోతుంది, నిజమే. కానీ దాంతోపాటు తాతయ్య ఊపిరి తీసుకునే చప్పుడు, మాట మధ్యలో ఆగి నాలుక చప్పరించడం కూడా పోతే, మిగిలిన గొంతు ఆయనదిలా ఉండదు.

ఆడాసిటీ ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ దీన్ని మొదలుపెట్టారు. 2000లో జనం చేతికొచ్చింది. 2021 నుంచి మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ చూసుకుంటోంది. సోర్స్ కోడ్ ఇప్పటికీ అందరికీ తెరిచే ఉంది. పనంతా మన కంప్యూటర్‌లోనే జరుగుతుంది కాబట్టి ఇంట్లోవాళ్ల మాటలను ఏ వెబ్‌సైట్‌కో ఎక్కించాల్సిన పని లేదు. నాకు ఇది చిన్న విషయం కాదు.

ఒక సంగతి మాత్రం ముందే తెలిసి ఉండాలి. ఇందులో వీడియో కనపడదు. ఇది ఆడియో ఎడిటర్ మాత్రమే. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే లైబ్రరీని కలిపితే ఎంపీ4 ఫైలును నేరుగా తెరుస్తుంది, కానీ అందులోంచి శబ్దం ఒక్కదాన్నే తీసుకుంటుంది. దాన్ని బాగుచేసి వేవ్ ఫైలుగా ఎగుమతి చేసి, మన వీడియో ఎడిటర్ టైమ్‌లైన్ మీద పాత శబ్దం ఉన్నచోటే పెట్టి, పాతదాన్ని మ్యూట్ చేయాలి. వీడియోలకు అలవాటైన శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క) 48,000 హెర్ట్జ్. ఎగుమతి చేసేటప్పుడు అదే ఉండేలా చూసుకుంటాను. ఇంకో జాగ్రత్త ఏంటంటే, ఆడాసిటీలో ఏ ముక్కనూ కోసి తీసేయకూడదు. మధ్యలో దగ్గు వచ్చిందని అర సెకను తీసేస్తే, అక్కడి నుంచి చివరిదాకా పెదవులు ఒకలా, మాట ఒకలా నడుస్తాయి. కోయాలనిపించిన చోటును సెలెక్ట్ చేసి కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే ఆ భాగం నిశ్శబ్దమవుతుంది, నిడివి మారదు. అసలు కోతలు ఏవైనా ఉంటే వీడియో ఎడిటర్‌లోనే.

ఇక నాయిస్ రిడక్షన్, అంటే హోరు తగ్గించే ఎఫెక్ట్. దీని కోసమే ఆడాసిటీ దించుకోవచ్చు. రెండు దశల్లో పని చేస్తుంది. ఎవరూ మాట్లాడకుండా హోరు ఒక్కటే వినపడే చిన్న భాగాన్ని సెలెక్ట్ చేసి, 'ఇదీ నాయిస్' అని దానికి చూపించాలి. తర్వాత మొత్తం ట్రాక్‌ను సెలెక్ట్ చేసి, ఎన్ని డెసిబెల్స్ తగ్గించాలో చెప్పాలి. ఫ్యాన్, ఏసీ, కంప్యూటర్ లోపలి చప్పుడు లాంటివి మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటాయి కాబట్టి అవి బాగా తగ్గుతాయి. వీధిలో హారన్లు, పక్కగదిలో టీవీ ఒకేలా ఉండవు, వాటి మీద ఇది పని చేయదు. ఫోన్ వీడియోలతో ఇంకో చిక్కుంది. చాలా ఫోన్లు మనిషి మాట్లాడటం ఆపగానే మైక్ వాల్యూమ్‌ను వాటంతట అవే పెంచుకుంటాయి. అందుకని మాటల మధ్యలో హోరు ఒక స్థాయిలో, మాటల కింద ఇంకో స్థాయిలో ఉంటుంది. అలాంటి చోట మొత్తం ట్రాక్‌కు ఒకే నమూనా సరిపోదు. ముక్కముక్కకు విడిగా నమూనా తీసుకుంటాను. విసుగు పుట్టించే పనే, కానీ తేడా తెలుస్తుంది.

ఎంత తగ్గించాలి? నా లెక్కలో ఆరు నుంచి పన్నెండు డెసిబెల్స్ చాలు. అంతకు మించి లాగితే మనిషి నీళ్ల అడుగు నుంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి ఆ విండోలోనే చక్కటి ఏర్పాటుంది. 'రెసిడ్యూ' అన్నది ఎంచుకుని ప్రివ్యూ నొక్కితే, తీసేయబోతున్న శబ్దం మాత్రమే వినపడుతుంది. అందులో ఉత్త హోరే ఉంటే మంచిది. అందులో మాటల నీడలు, 'స', 'శ' అక్షరాల చివర్లు వినపడుతున్నాయంటే గొంతును కూడా తోడేస్తున్నామన్నమాట. వెంటనే డెసిబెల్స్ తగ్గిస్తాను, లేకపోతే సెన్సిటివిటీ (ఎంత శబ్దాన్ని నాయిస్‌గా లెక్కేయాలో చెప్పే సెట్టింగ్) తగ్గిస్తాను. విన్న తర్వాత 'రెడ్యూస్'కు తిరిగి మార్చుకుని అప్పుడు ఓకే కొట్టాలి. ఇంటి వీడియోలు బాగుచేసేవాళ్లు ఈ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క విషయమే నేర్చుకునేట్టయితే ఈ రెసిడ్యూ వినడం నేర్చుకోమంటాను.

జుంకారం సంగతి వేరు. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట అది 50, 100, 150 ఇలా గుణిజాల్లో వస్తుంది. 60 హెర్ట్జ్ ఉన్నచోట 60, 120, 180. ట్రాక్‌ను స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ) రూపంలోకి మార్చి, కింది భాగాన్ని పెద్దది చేసి చూస్తే ఇవి అడ్డగీతల్లా స్పష్టంగా కనపడతాయి. ఒక్కో గీతకు, ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే తగ్గించే నాచ్ ఫిల్టర్ ఒక్కోటి వేస్తే గొంతు పెద్దగా దెబ్బతినకుండా జుంకారం పోతుంది. నాయిస్ రిడక్షన్ కంటే ముందే ఈ పని, దాంతోపాటు 80 హెర్ట్జ్ దగ్గర, అంతకంటే లోతు శబ్దాలను తగ్గించే హై పాస్ ఫిల్టర్ కూడా పూర్తి చేసుకుంటాను. ల్యాప్‌టాప్ స్పీకర్లలో ఈ లోతు శబ్దాలు దాదాపు వినపడవు. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

గొంతుల హెచ్చుతగ్గులకు ఎన్వలప్ టూల్ అంటే నాకు చాలా ఇష్టం. వేవ్‌ఫార్మ్ (ట్రాక్‌లో శబ్దం అలల్లా కనపడే బొమ్మ) మీద చుక్కలు పెట్టి పైకీ కిందికీ లాగడమే. కెమెరా వెనక నుంచి ఎవరో "ఇటు చూడు, ఇటు చూడు" అని అరిచిన చోట కిందికి, పాప నెమ్మదిగా జవాబిచ్చిన చోట పైకి. ఈ పని కంప్రెసర్ కూడా చేస్తుంది. 3.6 వెర్షన్‌లో కంప్రెసర్‌ను, శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్‌ను కొత్తగా తయారుచేసి ఇచ్చారు, బాగున్నాయి. కానీ కంప్రెసర్ వేశాక గట్టి చోట్లు తగ్గి, మొత్తం వాల్యూమ్ పెంచినప్పుడు అడుగున ఉన్న హోరు కూడా పైకి లేస్తుంది. అందుకే ఎప్పుడూ నాయిస్ రిడక్షన్ తర్వాతే. చివర్లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ వేసి మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి ఎంత గట్టిగా అనిపిస్తుందో కొలిచే లెక్క) దగ్గర పెడతాను. ఫోన్‌లో చూసినా టీవీలో చూసినా ఒక వీడియోకూ ఇంకో వీడియోకూ మధ్య రిమోట్ వెతుక్కునే అవసరం రాదు.

పాత టేపు వీడియోల్లో మాట ఒక్క చెవిలోనే వస్తుంటే కంగారు పడక్కర్లేదు. స్టీరియో ట్రాక్‌ను విడదీసి, ఖాళీగా ఉన్నదాన్ని తీసేసి, మిగిలినదాన్ని మోనోగా ఉంచితే రెండు చెవుల్లోనూ వస్తుంది.

చేతులెత్తేసే చోట్లు ఇవీ. ఖాళీ గదిలో తీసిన వీడియోలోని ప్రతిధ్వనికి ఆడాసిటీలో మందు లేదు. మైక్ మీద నేరుగా కొట్టిన గాలిని హై పాస్ ఫిల్టర్ కొంత తగ్గిస్తుంది, ఆ గాలి కింద నలిగిపోయిన మాట మాత్రం తిరిగి రాదు. చప్పట్లు, కేకలు మైక్ తట్టుకోలేనంత గట్టిగా పడి శబ్దం పగిలిన చోట క్లిప్ ఫిక్స్ అనే ఎఫెక్ట్ ఉంది. చిన్న చిన్న పగుళ్లను అతుకుతుంది, వాక్యమంతా పగిలిపోయి ఉంటే ఏమీ చేయలేదు. ఎక్కడ పగిలిందో చూడాలంటే వ్యూ మెనూలో షో క్లిప్పింగ్ ఆన్ చేస్తే ఎర్ర గీతలు కనపడతాయి. ఇంటెల్ వాళ్లు ఓపెన్‌వినో పేరుతో ఇచ్చిన ఉచిత ప్లగిన్లలో ఏఐతో నాయిస్ తగ్గించేది కూడా ఒకటుంది, అది కూడా మన కంప్యూటర్ మీదే నడుస్తుంది.

పెదవులకూ మాటకూ తేడా మెల్లమెల్లగా పెరుగుతూ పోతుంటే తప్పు చాలాసార్లు ఆడియోలో ఉండదు. ఫోన్లు ఫ్రేమ్ రేటును (సెకనుకు ఎన్ని బొమ్మలన్నది) మారుస్తూ వీడియో తీస్తాయి, కొన్ని ఎడిటర్లు దాన్ని సరిగ్గా చదవలేవు. ముందుగా హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకుని ఎడిటింగ్ మొదలుపెడితే ఆ టెన్షన్ ఉండదు.

కొత్తవాళ్లకు ఇబ్బంది పెట్టేది ఎఫెక్ట్స్ మెనూ. పేర్లు బోలెడు, ఏది దేనికో మెనూలో రాసి ఉండదు. 2022లో వచ్చిన 3.2 వెర్షన్ నుంచి చాలా ఎఫెక్ట్‌లను వింటూనే మార్చుకోవచ్చు, నచ్చకపోతే తీసేయొచ్చు. నాయిస్ రిడక్షన్‌కు మాత్రం ఆ వీలు లేదు, వేశాక అది ట్రాక్‌లో కలిసిపోతుంది. అందుకని అసలు ట్రాక్‌కు ఒక నకలు తీసి మ్యూట్ చేసి కింద ఉంచుకోవడం మేలు. 2021లో 3.0 వచ్చినప్పటి నుంచి ప్రాజెక్టు అంతా ఒకే ఏయూపీ3 ఫైలులో ఉంటుంది, దాచుకోవడం తేలికైంది. సైజు మాత్రం బాగా పెద్దది.

ఒకటో రెండో చిన్న క్లిప్పులు ఈ సాయంత్రమే ఎవరికైనా పంపాలంటే ఆడాసిటీ దాకా రావద్దు, మీ వీడియో ఎడిటర్‌లో ఉన్న నాయిస్ తగ్గించే స్లైడర్ సరిపోతుంది. మళ్లీ తీయడం కుదరని మనుషుల గొంతులు ఉన్న వీడియోలు మీ దగ్గర చాలా ఉంటే మాత్రం ఇది నేర్చుకోండి. ముందు నాయిస్ రిడక్షన్, ఎన్వలప్ టూల్. నాచ్ ఫిల్టర్, కంప్రెసర్ లాంటివి అవసరం పడినప్పుడు చూసుకోవచ్చు.