నర్సాపురంలో అయిదు సాయంత్రాల బైబిలు తరగతులు

పాత నిబంధన కథలలో క్రీస్తు రక్షణకార్యపు ఛాయలను వివరించే తరగతులు ఈ వేసవిలో నర్సాపురంలోని ఒక ప్రార్థన మందిరంలో అయిదు సాయంత్రాలు జరిగాయి. 1836లో ఆంగ్ల మిషనరీ గ్రోవ్స్ వెంట భారతదేశానికి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ సేవచేసిన ఊరు గనుక ఇక్కడి శ్రోతలకు ఆ కథలు బాల్యం నుంచీ పరిచితమే.

అన్నిటిలోనూ నోవహు ఓడ పాఠం నన్ను గాఢంగా కదిలించింది. ఓడకు లోపలా వెలుపలా కీలు (తారువంటి పూత) పూయమని ఆదికాండం 6:14లో ఉన్న హీబ్రూ మాటకూ, లేవీయకాండంలో ప్రాయశ్చిత్తాన్ని సూచించే మాటకూ హల్లులు ఒకటేనని బోధకుడు చూపించినప్పుడు, చెక్కపడవ అతుకుల్లోంచి నీరు రాకుండా కాపాడుకోవడమంటే ఏమిటో ఎరిగిన మత్స్యకార పెద్దలు, 1986 గోదావరి వరదను చూసిన లంకవాసులు తలలెత్తి విన్నారు.

ఎడారిలో మోషే స్తంభంపై ఎత్తిన ఇత్తడి సర్పం గురించి కూడా శ్రద్ధగా చెప్పారు. పాము కరిచినవాడు చేయవలసింది దానివైపు చూడడమొక్కటే. యేసు యూదుల అధికారి నికోదేముతో మాట్లాడుతూ తాను ఎత్తబడడాన్ని ఆ సర్పంతోనే పోల్చాడు. అయితే తరువాతి తరాలవారు ఆ సర్పానికే ధూపం వేయసాగినందున యూదా రాజు హిజ్కియా దానిని పగులగొట్టించాడన్న సంగతిని చాలామంది ప్రసంగీకులు విడిచిపెడతారు. ఈయన విడిచిపెట్టలేదు. ఐగుప్తు నుంచి విడుదలను స్మరించే పస్కా పండుగ గొర్రెపిల్ల ఎముక విరువకూడదన్న విధిని, సిలువపై యేసు ఎముకలు విరువలేదని చెప్పే యోహాను సువార్త 19వ అధ్యాయంతో జతపరచి క్లుప్తంగా ముగించారు.

నాకు అభ్యంతరమనిపించింది, యెరికోలో ఇశ్రాయేలు వేగులవారిని దాచిన రాహాబు పాఠం. ఆమె విశ్వాసాన్ని హెబ్రీయుల పత్రిక, యాకోబు పత్రిక మెచ్చుకున్నాయి గాని, కిటికీకి కట్టిన ఎర్రని దారం క్రీస్తు రక్తానికి గుర్తు అని కొత్త నిబంధన ఎక్కడా చెప్పదు. అది ప్రాచీన సంఘపు వ్యాఖ్యాతల నుంచి వచ్చిన అర్థం, అందమైనదే. కానీ దానిని సర్పం పాఠమంత నిశ్చయంగా బోధించడం వల్ల లేఖనమేదో వ్యాఖ్యానమేదో యువతకు తెలియకుండా పోయింది. ఇస్సాకు బలి కథను యూదులు నేటికీ తమ విశ్వాసానికి మూలంగా ధ్యానిస్తారని ఒక్క మాటైనా చెప్పవలసింది. చివరి రోజున యోనా కథకు సమయం చాలలేదు.

రుసుము లేదు. పంచిన కాగితాలలో అక్షరాలు మరీ చిన్నవి, పెద్దవారికి కష్టం. మళ్ళీ నిర్వహిస్తే తప్పక వెళ్ళండి. హెబ్రీయుల పత్రిక 9, 10 అధ్యాయాలు ముందుగా చదువుకుని వెళ్తే మొదటి సాయంత్రం నుంచే పాఠం అందుతుంది.