ఊరి లెక్కకు ఏది మేలు: జాతీయ సర్వేనా, పంచాయతీ సూచికా, సొంతంగా తీసిన లెక్కా?

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక (జీపీడీపీ) గ్రామసభలు దగ్గరపడితే చాలు, మా చిత్తూరు, తిరుపతి పల్లెల సర్పంచులు, కార్యదర్శులు నన్ను అడిగేది ఒకటే. ఐక్యరాజ్యసమితి పెట్టిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో మన ఊరు ఎక్కడుందో చెప్పాలంటే జాతీయ సర్వే అంకెలు తీసుకోవాలా, పంచాయతీ అభివృద్ధి సూచిక పట్టిక నింపితే సరిపోతుందా, లేక మనమే ఇల్లిల్లూ తిరిగి లెక్క తీయాలా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేకు ఉన్న బలం దాని కొలత. శ్రీకాకుళంలో ఎలా అడిగారో కుప్పంలోనూ అలాగే అడుగుతారు. కానీ 2019-21 సర్వే 707 జిల్లాల్లో తిరిగిన ఇళ్లు 6,36,699. అంటే సగటున జిల్లాకు 900. అప్పటి ఉమ్మడి చిత్తూరులో 66 మండలాలు. ఆ సగటు లెక్కన మండలానికి 14 ఇళ్లు కూడా రావు. ఆ అంకెను గ్రామసభలో మన ఊరి అంకెగా చదవడం తప్పు. తిరుపతి వాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. జిల్లా పుట్టిందే 2022 ఏప్రిల్ 4న. సర్వే నాటికి శ్రీకాళహస్తి చిత్తూరు లెక్కలో, సూళ్లూరుపేట నెల్లూరు లెక్కలో ఉన్నాయి.

ఇవే లక్ష్యాల మీద నీతి ఆయోగ్ ఇచ్చే సూచీ రాష్ట్రాలను పోల్చడానికి. ఊరికి దాంతో పని లేదు.

పంచాయతీ అభివృద్ధి సూచికలో తొమ్మిది అంశాలు ఉన్నాయి. 2022-23కు తీసిన మొదటి విడతలో వాటి కింద 435 కొలమానాలు ఉండేవి. నీళ్లు, బడి, ఆడవాళ్ల భద్రత అన్నీ ఒకచోట కనబడతాయి, ఎందులో వెనకబడ్డామో తెలుస్తుంది. అయితే అంకెలు ఎక్కువగా శాఖల రిజిస్టర్ల నుంచే వస్తాయి. రిజిస్టరులో లేని మనిషి పట్టికలోనూ ఉండదు.

నా వరకు అసలు తేల్చాల్సింది ఇక్కడే. బళ్లో నేర్చుకున్న లవం, హారంలో అందరూ లవం చూస్తారు. నేను హారం చూస్తాను, అంటే మొత్తం ఎంతమందిని లెక్కలోకి తీసుకున్నామన్నది.

మొన్న సెప్టెంబరులో ఒక పల్లె అంగన్‌వాడీలో గర్భిణుల రిజిస్టరు తీశాం. పదకొండు పేర్లు. అందులో ముగ్గురు ఊళ్లో లేరు. "ఆయమ్మ కాన్పుకని వాళ్లమ్మగారింటికి పోయిండాది సార్, పేరు మాత్రం ఈడనే ఉండాది" అంది అంగన్‌వాడీ అక్క. పక్క వీధిలోనేమో ఊరి ఆడబిడ్డలు ఇద్దరు కాన్పుకు వచ్చి ఉన్నారు, వాళ్ల పేర్లు అత్తగారి ఊళ్లలో ఉన్నాయి. మరి హారం ఎంత? పదకొండా, పదమూడా, పదా? ఇది కాగితం మీద తగాదా కాదు. ఆ ఇద్దరికీ ఐరన్ మాత్రలు ఇవ్వాల్సింది ఎవరన్నది ఏ ఊరి జాబితాలోనూ లేదు.

దారి జాతీయ సర్వేలోనే దొరికింది. నిన్న రాత్రి ఈ ఇంట్లో పడుకున్నవాళ్లెవరు అన్నది వాళ్ల నియమం. గర్భిణికి డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత. ఆ రెండు నియమాలూ తెచ్చి ఊళ్లో లెక్క తీస్తే పదిమంది తేలారు. ఆ పదిమందిలో నలుగురికి రక్తం తక్కువ, అందులో ఒకమ్మాయి కాన్పుకొచ్చిన ఆడబిడ్డే.

అందుకే నా మొగ్గు సొంత లెక్క వైపే, కానీ నియమం పైనుంచి తెచ్చుకున్న సొంత లెక్క వైపు. నియమం కూడా సొంతదైతే మన అంకె పక్క ఊరితోనే కలవదు, ఇక దేశం లెక్కతో ఏం కలుస్తుంది?

రెండు జాగ్రత్తలు. పదిమందిలో ఒక్కరు మారితే పది శాతం మారుతుంది, కాబట్టి గ్రామసభ బోర్డు మీద శాతం వద్దు, "పదిమందిలో నలుగురు" అని రాయండి. మండలానికి కలిపేటప్పుడు ఊళ్ల శాతాలకు సగటు కట్టొద్దు, లవాలన్నీ ఒకపక్క, హారాలన్నీ ఒకపక్క కూడి అప్పుడు భాగించండి.

పంచాయతీ సూచిక పట్టిక ఎలాగూ నింపాల్సిందే. ఈ లెక్క అయ్యాక నింపండి, ముందు కాదు.