పాట వీడియోకి సాహిత్యం: బొమ్మలోనే అచ్చేయాలా, విడి ఫైలుగా పెట్టాలా?

నెల్లూరు తిప్పరాజువారి వీధిలో గాయకుడు ఎస్పీ బాలు గారి ఇల్లుంది. 2020లో వేదపాఠశాల కోసం దాన్ని కంచి మఠానికి ఇచ్చేశారాయన. ఇప్పటికీ ఆ వీధిలో పోతుంటే మా జట్టులో ఎవరో ఒకరు ఆయన పాట ఎత్తుకుంటారు. జూన్ 4న ఆయన పుట్టినరోజుకి ఏటా మేం నలుగురం ఒక పాట ఎంచుకుని, పాత ఫొటోలూ పెన్నా ఒడ్డున మేమే తీసిన దృశ్యాలూ పేర్చి వీడియో కడతాం. చూసేవాళ్లు కలిసి పాడుకునేలా కింద సాహిత్యం వేస్తాం. దాన్ని ఎట్టా వేస్తే మేలన్నది రెండు మూడు వీడియోలు పాడుచేసుకుంటేగానీ మాకు తెలియలేదు.

దారులు రెండు. ఎడిటింగ్‌లోనే అక్షరాలు పరిచి బొమ్మతో కలిపేయడం ఒకటి. వీడియోని శుభ్రంగా ఉంచి, సాహిత్యాన్ని ఎస్ఆర్‌టీ ఫైలుగా పక్కన పెట్టడం రెండోది. ఎస్ఆర్‌టీ అంటే ఉత్త టెక్స్టు ఫైలే. వరుస అంకె, దాని కింద 00:00:12,400 నుంచి 00:00:15,900 దాకా అని సమయం, ఆ కింద పాట పాదం. నోట్‌ప్యాడ్‌లో కూడా రాసుకోవచ్చు, తెలుగు అక్షరాలు చెడకుండా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేస్తే చాలు. వీడియో పేరే దానికీ పెట్టి అదే ఫోల్డర్లో ఉంచితే వీఎల్‌సీ ప్లేయర్ తనంతట తానే చూపిస్తుంది.

మొదట్లో నేను ఎస్ఆర్‌టీ పక్షమే. తప్పు దొరికితే ఒక్క అక్షరం మార్చుకుంటే సరిపోతుంది. యూట్యూబ్‌లో ఎక్కించిన వీడియోని అదే లింకులో మార్చలేం గానీ, క్యాప్షన్ ఫైలుని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. తెలుగు లిపిలో ఒకటి, చదవడం రాని పిల్లల కోసం ఇంగ్లిష్ అక్షరాల్లో ఇంకొకటి పెట్టొచ్చు. అక్కర్లేదనుకున్నవాళ్లు ఆపేసుకుంటారు.

ఒక ఏడాది ఆ నమ్మకంతోనే పెన్‌డ్రైవ్ తీసుకుని మూలాపేటలో మా పెద్దమ్మ ఇంటికి పోయాం. టీవీకి తగిలించాం. పాట మొదలైంది, అక్షరాలూ పడ్డాయి. అయితే ‘స్త్రీ’ అన్నచోట ‘స్‌త్‌రీ’ అని, ‘లక్ష్మి’ అన్నచోట ‘లక్‌ష్‌మి’ అని. వత్తులన్నీ ఊడొచ్చి పక్కన నిలబడ్డాయి. ‘ఏందబ్బయ్యా, అక్షరాలు ఎట్టెట్టనో ఉండాయే?’ అంది పెద్దమ్మ, కళ్లద్దాలు తుడుచుకుంటా. తప్పు తన కళ్లదే అనుకుంది పాపం. ఆ మాటకి నాకు కడుపులో దేవినట్టయింది. తెలుగులో హల్లు కింద హల్లు చేరాలంటే ఫాంటు ఒక్కటే ఉంటే చాలదు, వాటిని కలిపి కూర్చే వ్యవస్థ ఆ పరికరంలో ఉండాలి. విడి ఫైలు పెట్టామంటే మన అక్షరాల రూపాన్ని ఎవరి పరికరం చేతిలోనో పెట్టినట్టే. పైగా మా వీడియోలు ఎక్కువగా తిరిగేది వాట్సాప్‌లో. అక్కడ వీడియోతో పాటు ఎస్ఆర్‌టీ పంపినా అది ఉత్త డాక్యుమెంటుగా పోతుంది, బొమ్మ మీద పడదు.

అందుకే నా తీర్పు ఇది: చేతి నుంచి చేతికి పోయే అభిమానుల వీడియోకి అక్షరాలు బొమ్మలో కలిసిపోవాల్సిందే. ఎస్ఆర్‌టీని మాత్రం పారేయొద్దు. ముందు దాన్నే రాసుకుని, దాని నుంచే అచ్చేయండి. రేపు తప్పు దొరికితే ఫైలు దిద్ది మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు.

కూర్చేటప్పుడు కూడా వత్తుల గొడవ ఉంది. ఆండ్రాయిడ్ తెలుగుని మామూలుగా సరిగ్గానే కూరుస్తుంది కాబట్టి ఫోన్ యాప్‌లలో ఇబ్బంది తక్కువ. కైన్‌మాస్టర్ అనే ఎడిటింగ్ యాప్ ఉచితంగా వాడితే వాళ్ల ముద్ర మీద పడుతుంది, అంతే. జాగ్రత్తగా చూసుకోవాల్సింది కంప్యూటర్లోనే. అడోబీ ప్రీమియర్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో దక్షిణాసియా భాషల అమరిక ఎంచుకోకపోతే వత్తులు చెదిరిపోతాయి. ఫ్లెక్సీలు కొట్టేవాళ్లు అను ఫాంట్లతో ఈ చిక్కు దాటేస్తారు, వత్తు ముక్కలన్నీ ఆ ఫాంటులోనే విడివిడిగా ఉంటాయి కాబట్టి. కానీ అది అన్ని పరికరాలూ గుర్తుపట్టే యూనికోడ్ కాదు, అందులో కొట్టింది ఎస్ఆర్‌టీకి పనికిరాదు. నేనైతే సబ్‌టైటిళ్లు కూర్చే ఏజీసబ్‌లో సమయాలు పట్టి, వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో అచ్చేస్తాను. వత్తులు చక్కగా కూర్చుంటాయి.

పాదం మొత్తం ఒకేసారి చూపాలా, కరోకేలా మాట మాటకీ రంగు మారాలా? కుర్రాళ్లకి రెండోదే ఇష్టం. ఏజీసబ్‌లో ఒక్కో అక్షరానికి సెకనులో నూరో వంతు లెక్కన కాలం ఇవ్వొచ్చు. మన లిపితో దానికో పేచీ ఉంది. పాడేటప్పుడు ‘అమ్మ’ని ‘అమ్’, ‘మ’ అని విరుస్తాం. రాతలో అది ‘అ’, ‘మ్మ’. గాయకుడు ‘మ్’ మీద ఆగి గమకం వేస్తుంటే రంగు ఎక్కడ నిలవాలి? సగం వత్తుకి రంగు వేయలేం. పైగా బాలు గారు ఒక్క అక్షరం మీద నాలుగు సెకన్లు విహరిస్తే రంగు అక్కడే బిగుసుకుపోయి, వీడియో ఆగిపోయిందేమో అనిపిస్తుంది. నాకు పాదం మొత్తం చూపడమే నచ్చింది. గొంతు కంటే అర సెకను ముందు పాదం పడాలి, అప్పుడే పక్కనున్నవాళ్లు పాటతో పాటు అందుకుంటారు. గొంతుతో సరిగ్గా పడితే చదివేలోపు పాట ముందుకి పోతుంది. వేగంగా, విరుపులు స్పష్టంగా ఉండే పాటలకైతే కరోకే పద్ధతే బాగుంటుంది, కాదనను.

ఫాంటు విషయంలో సన్న గీతలవి వద్దు. వాట్సాప్ వీడియోని కుదించినప్పుడు ముందు పోయేవి తలకట్లూ, వత్తుల తోకలూ. రామభద్ర లావుగా నిలుస్తుంది. పొడుగు పాదాలకి మండలి బాగుంటుంది. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఎర్ర అక్షరాలు వేయకండి. మామూలు వీడియోలో రంగు వివరాన్ని అడ్డంగానూ నిలువుగానూ సగానికి తగ్గించే దాస్తారు, అందుకే ఎరుపు అంచులు అలుక్కుపోతాయి. తెలుపో పసుపో వేసి నల్ల అంచు కట్టండి. రీల్స్‌కైతే బాగా కిందకి పెట్టొద్దు, అక్కడ పేర్లూ బొత్తాలూ కప్పేస్తాయి.

సాహిత్యం వేస్తున్నామంటే రాసినవాళ్ల పేరూ వేయాలి. అప్పటి నెల్లూరు జిల్లా మంగళంపాడులో 1921లో పుట్టిన ఆత్రేయ గారి పాటకి ఆయన పేరే లేని వీడియోలు చూస్తే మనసు చివుక్కుమంటుంది. రచయిత పోయాక 60 ఏళ్ల దాకా సాహిత్యానికి కాపీరైట్ ఉంటుంది. ఆత్రేయ గారు పోయింది 1989లో, అంటే 2049 చివరిదాకా. పేరు వేసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. యూట్యూబ్‌లో పాట హక్కుదారులు వీడియోని ఆపనూ వచ్చు, దాని మీద వచ్చే డబ్బు తీసుకోనూ వచ్చు.

దొరికిన సాహిత్యాన్ని ఎక్కడి నుంచో తెచ్చి అతికించకుండా, విని మనమే కొట్టుకోవడం మంచిది. బయట తిరిగే పాఠాల్లో ‘ళ’కి ‘ల’, ‘ణ’కి ‘న’ పడి ఉంటాయి. మా వీడియో ఇప్పుడు ముందుగా పెద్దమ్మకే పోతుంది. పోయినసారి రెండో చరణంలో ‘కల్లు’ అని పడితే ఆమే పట్టింది: ‘కళ్లు రా అబ్బయ్యా, కల్లు కాదు.’