నడుస్తున్న షాపు కొనడమా, కొత్తగా తెరవడమా? చలి ఊళ్ళో ఏది మేలు?

ఉత్తరాన, ఏడాదిలో సగం మంచుతోనే గడిచే చిన్న ఊళ్ళో షాపు పెట్టాలనుకునేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేది ఇదే: ఎవరో అమ్ముతున్న షాపు తీసుకోవాలా, ఖాళీ మడిగె అద్దెకు పట్టి కొత్తగా తెరవాలా? అద్దె, ఫర్నిచర్, మొదటి సరుకు లెక్కేసుకుని చాలామంది కొత్తదే చవక అంటారు. ఆ లెక్కలో చలికాలం ఉండదు.

నెలకు అద్దె, జీతాలు, హీటింగ్, కరెంటు కలిపి ఖర్చు 100 అనుకుందాం. సరుకు ధర పోగా అమ్మకం మీద మిగిలేది 30 శాతం. అంటే నెలకు 333 అమ్మితేనే ఖర్చు వెళ్తుంది. పర్యాటకులు వచ్చే నాలుగు వేసవి నెలల్లో నెలకు 550, మిగతా ఎనిమిది నెలల్లో 260 అమ్ముడైతే ఏడాదికి మిగిలేది 84. చూడ్డానికి లాభమే. కానీ ఆ ఎనిమిది నెలల్లో నెలకు 22 చొప్పున 176 చేతినుంచి పడుతుంది, నాలుగు నెలల్లో 260 వస్తుంది. వేసవి మొదట్లో తలుపు తీసినవాళ్ళకు ఆ 260 ముందే గల్లాలో ఉంటుంది. మరమ్మతులు ఆలస్యమై వేసవి దాటాక తెరిచినవాళ్ళు మొదట 176 సొంత డబ్బు పోయాలి, సరుకు డబ్బు కాక. చిన్న ఊళ్ళో కొత్త షాపులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సరుకు, స్థలం బాగానే ఉంటాయి, చేతిలో డబ్బు వసంతం దాకా రాదు.

అందుకే నా మొగ్గు నడుస్తున్న షాపు వైపు. దానికి కట్టే డబ్బులో అల్మారాల కన్నా విలువైనది నెలవారీ అమ్మకాల చరిత్ర. ఏడాది మొత్తం అంకె చూసి తృప్తిపడకండి. 36 నెలలవి, నెల నెలకూ విడివిడిగా అడగండి. వాటిని పన్ను రిటర్న్‌లతో, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో, కొనుగోలు ఇన్వాయిస్‌లతో సరిపోల్చండి. అమ్మకం పెరిగిందంటూ కొనుగోలు పెరగకపోతే ఏదో తేడా ఉన్నట్టే. హీటింగ్ బిల్లులు కూడా నెలవారీగా చూడండి. బేరం వేసవిలో జరిగినా, వీలైతే షాపును గడ్డకట్టే చలిలో ఒకసారి చూడండి. పైకప్పు మీద మంచు భారం, పైపులు గడ్డకట్టే చోట్లు, షాపు ఫ్రిజ్‌ల కోసం బయట పెట్టిన కూలర్ యూనిట్ ఆ చలిలో ఆడుతుందా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది. తలుపు తెరిచినప్పుడల్లా వేడి బయటికి పోకుండా రెండు తలుపుల మధ్య చిన్న గది ఉందో లేదో గమనించండి, లేకపోతే ఆ ఖర్చు మీదే.

ఇక స్టాకు. కొనేవాళ్ళు ఎక్కువగా మోసపోయేది దీనిదగ్గరే. అమ్మేవాళ్ళ జాబితా విలువను ఒప్పుకోకండి. చేతులు మారే ముందు రాత్రి షాపు మూసి, ఇద్దరూ కలిసి ప్రతి వస్తువూ లెక్కపెట్టాలి. ఆరు నెలల్లోపు వచ్చిన సరుకుకు కొన్న ధర, ఆరు నుంచి పన్నెండు నెలలదానికి సగం, ఏడాది దాటినదానికి నామమాత్రం. చలి బూట్లు, మంచు తోసే పారలు వంటివాటికి మాత్రం ఈ కొలత వద్దు. అవి వేసవిలో కదలకపోవడం సహజం, పోయిన చలికాలంలో ఎన్ని అమ్ముడయ్యాయో చూసి ధర కట్టండి.

కాగితాల్లో మూడు ముఖ్యం. అద్దె ఒప్పందం మీ పేరుకు మారడానికి భవన యజమాని రాతపూర్వక అంగీకారం ముందే తీసుకోండి. పంపిణీదారుల అరువు సౌకర్యం షాపుతో పాటు రాదు, మీ పేరున కొత్తగా ఇస్తారో లేదో, మొదటి ఆర్డర్లకు నగదు అడుగుతారో సంతకానికి ముందే కనుక్కోండి. అమ్మినవాళ్ళు అదే ఊళ్ళో అదే వ్యాపారం కొన్నేళ్ళు పెట్టకూడదని రాయించుకోండి. చిన్న ఊళ్ళో ఖాతాదారులు మనిషిని చూసి వస్తారు, బోర్డును చూసి కాదు. అందుకే గుడ్‌విల్ డబ్బులో, అంటే షాపు పేరుకూ పాత ఖాతాదారులకూ కట్టే ధరలో, ఐదో వంతైనా ఆరు నెలల తర్వాత ఇచ్చేలా, పాత యజమాని నెల రోజులు గల్లా దగ్గర మీతో ఉండేలా మాట్లాడుకోండి.

కొత్త షాపు ఎప్పుడు మేలంటే, ఊళ్ళో ఆ సరుకు అసలు దొరకక జనం పక్క పట్టణానికి వెళ్తున్నప్పుడు. అక్కడ కూడా తేదీ వెనకనుంచి లెక్కేసుకోవాలి: వేసవి రద్దీకి రెండు నెలల ముందు తలుపు తీయాలి, అంటే అంతకు ముందే పనులు పూర్తయి, లైసెన్సు చేతికి రావాలి. నీటితో కలిపిన పెయింట్లు, జిగురు, గాజు సీసాల పానీయాలు దారిలో గడ్డకడితే పనికిరావు. వాటిని చలి రాకముందే తెప్పించుకోండి, లేదా లోపల వేడి ఉంచే లారీలోనే రావాలని ఆర్డరులో రాయండి. ఆ రవాణా ఎక్కువ ఖరీదు కాబట్టి అమ్మకం ధరలో ముందే కలపాలి. మంచు తుఫానుకు రోడ్డు మూసుకుంటే రెండు వారాలు గడిచేంత నిత్యావసర సరుకు వెనక గదిలో ఉండాలి.

ఫ్రాంచైజీ, అంటే ఏదో కంపెనీ పేరు వాడుకుని నడిపే షాపు, చిన్న ఊళ్ళో నిలవడం కష్టం. అమ్మకం మీద ఆ కంపెనీకి కట్టే రాయల్టీ చలికాలంలో కూడా ఆగదు. వేసవి నాలుగు నెలలే తెరిచే కొట్టు జ్ఞాపికల వంటివాటికి సరిపోతుంది, అద్దె కూడా నాలుగు నెలలకే దొరికితేనే.

అమ్మేవాళ్ళు నెలవారీ లెక్కలు చూపించకపోయినా, షాపు మొత్తానికి కలిపి ఒకే ధర చెప్పి సరుకు లెక్కపెట్టనివ్వకపోయినా ఆ షాపును వదిలేయండి. అప్పుడు కొత్తదే తెరవండి, అనుకున్నదాంట్లో సగం సరుకుతో, ఒక చలికాలం లోటును విడిగా బ్యాంకులో ఉంచుకుని.